అందరూ ‘అన్నీ వింటాం’ అంటే పత్రిక ఎవరి కోసం వేయాలి?

ప్రశ్న: మేం ఆరుగురం డిగ్రీ విద్యార్థులం. కాలేజీలో తెలుగులో ఒక సంగీత పత్రిక తేవాలని పని మొదలుపెట్టాం. ఏ4 సైజు, 16 పేజీలు, 8 వారాల గడువు. పాఠకుల అభిరుచి తెలుసుకుందామని 28 ప్రశ్నలతో గూగుల్ ఫారం పంపితే 150 జవాబులు వచ్చాయి. ‘ఎలాంటి సంగీతం ఇష్టం?’ అంటే ఎక్కువమంది ‘అన్ని రకాలూ’ అన్నారు. ‘పత్రిక వస్తే చదువుతారా?’ అంటే దాదాపు అందరూ ‘తప్పకుండా’ అన్నారు. రంగుల్లో నలుపు, ఎరుపు గెలిచాయి. ఇంటర్వ్యూలు, రివ్యూలు, పాటల సాహిత్యం, వార్తలు అన్నీ కావాలట. వీటితో ఏం చేయాలో తెలియడం లేదు. డిజైన్ మాట ఎత్తితే మాలో మాకే గొడవలు. ఇప్పుడెలా ముందుకెళ్ళాలి?
— ఒక విద్యార్థిని

సమాధానం:

జవాబులు ఇచ్చినవాళ్ళను తప్పుపట్టడానికేం లేదు, ప్రశ్నలే అలా ఉన్నాయి. ‘ఎలాంటి సంగీతం ఇష్టం’ అనగానే చాలామంది తాము ఎలాంటి శ్రోతలుగా కనబడాలనుకుంటారో ఆ మాట చెబుతారు. లేదంటే ఆలోచించే శ్రమ లేని ‘అన్ని రకాలూ’ మీద నొక్కి తర్వాతి ప్రశ్నకు పోతారు. ఇక ‘చదువుతారా’ అని తోటి విద్యార్థులు అడిగితే ‘చదవం’ అని మొహమ్మీద చెప్పేదెవరు? 28 ప్రశ్నల ఫారంలో సగం దాటాక చేతికి అందిన గడి నొక్కేసేవాళ్ళే ఎక్కువ. కాబట్టి చివరి పది ప్రశ్నల జవాబులను పెద్దగా నమ్మకండి.

మరో సంగతి. 150 మందిని యాదృచ్ఛికంగా ఎంచుకుని అడిగి ఉన్నా, వచ్చిన శాతాల్లో అటూ ఇటూ 8 పాయింట్ల తేడా సహజం. అంటే 53, 47 అని వస్తే గెలుపు ఎవరిదో చెప్పలేం. పైగా మీ ఫారం తిరిగింది బహుశా మీ క్లాసు గ్రూపుల్లో, మీ స్నేహితుల మధ్య. అది యాదృచ్ఛికమూ కాదు. పాటల పిచ్చి ఉన్న ఆరుగురి స్నేహితుల్లో పాటల పిచ్చి ఉన్నవాళ్ళే ఎక్కువగా ఉంటారు.

అయినా ఆ షీటు పారేయకండి. మీరు సొంతంగా రాయమని వదిలిన ప్రశ్నలు ఏమైనా ఉంటే వాటి జవాబులు మాత్రం తీసి పెట్టుకోండి. గడులు నొక్కిన జవాబుల కంటే రెండు వాక్యాలు రాసినవాళ్ళ మాటలే ఇప్పుడు పనికొస్తాయి.

ఇక మళ్ళీ మొదలుపెట్టే పద్ధతి. ఈసారి ప్రశ్నలతో కాకుండా నిర్ణయాలతో మొదలుపెట్టండి. ఒక కాగితం మీద, పాఠకుల గురించి తెలిస్తే తప్ప తేల్చలేని నిర్ణయాలు రాయండి. ఏడెనిమిదికి మించి ఉండవు: ఏ సంగీతానికి ఎన్ని పేజీలు, వ్యాసం ఎంత పొడవు, ముఖచిత్రం మీద పేరున్న కళాకారుడా లేక కాలేజీ బ్యాండా, సైజు ఏ4 ఆ ఏ5 ఆ, భాష ఎంత వాడుకలో ఉండాలి, కాపీలు ఎక్కడ పెట్టాలి, వాయించేవాళ్ళకా వినేవాళ్ళకా. ప్రతి నిర్ణయం పక్కన ‘జవాబు ఇలా వస్తే ఇది చేస్తాం, అలా వస్తే అది చేస్తాం’ అని రాసుకోండి. రెండు వైపులా ఒకే పని చేస్తామనిపిస్తే ఆ ప్రశ్న అడగనక్కర్లేదు. మీ 28 ప్రశ్నల్లో కనీసం ఇరవై ఈ జల్లెడలో రాలిపోతాయి. రంగుల ప్రశ్న మొట్టమొదట రాలుతుంది. పేజీ ఎదురుగా లేకుండా రంగు అడిగితే జవాబు చెప్పినవాళ్ళ చొక్కా రంగు తెలుస్తుంది కానీ, జానపద గాయని మీద రాసిన వ్యాసానికి ఏ రంగు నప్పుతుందో తెలియదు.

అడిగే తీరు కూడా మార్చాలి. అభిప్రాయం అడక్కుండా జరిగిన పని అడగండి. ‘ఎలాంటి సంగీతం ఇష్టం’ బదులు ‘ఫోన్‌లో చివరిగా విన్న మూడు పాటలు చూసి రాయండి’ అనండి. ‘సంగీతం గురించి చదువుతారా’ బదులు ‘ఒక పాట గురించో, గాయకుల గురించో చివరిసారి ఎప్పుడు, ఎక్కడ చదివారు? అది దేని గురించి?’ అనండి. ‘పత్రిక ఎక్కడ చదువుతారు’ అంటే ఊహించి చెబుతారు. ‘నిన్న క్లాసులు లేని సమయంలో ఎక్కడ కూర్చున్నారు, ఎంతసేపు’ అంటే కాపీలు ఎక్కడ పెట్టాలో, వ్యాసం ఎన్ని నిమిషాల్లో ముగియాలో రెండూ తెలుస్తాయి.

గడులు పెట్టే ప్రశ్నల్లో మామూలుగా జరిగే పొరపాట్లు మూడున్నాయి. వయసు 15–18, 18–21 అని ఇస్తే 18 ఏళ్ళవాళ్ళు ఏది నొక్కాలి? ‘ఇంటర్వ్యూలు, రివ్యూలు ఇష్టమా’ అని రెండింటిని ఒకే ప్రశ్నలో కడితే ‘అవును’ దేనికో తెలియదు. ‘నాణ్యమైన స్వతంత్ర సంగీతానికి చోటివ్వాలా’ అంటే జవాబు ప్రశ్నలోనే ఉంది. మొత్తం 8 నుంచి 10 ప్రశ్నలు, మూడు నిమిషాల్లో అయిపోవాలి. పంపే ముందు మీ జట్టులో లేని ఐదుగురి చేత మీ ఎదుటే నింపించండి. వాళ్ళు ఆగిన చోటల్లా, ‘అంటే?’ అన్న చోటల్లా ప్రశ్న తిరగరాయండి. పేర్లు, ఫోన్ నంబర్లు అడగకండి. 18 ఏళ్ళలోపువాళ్ళను పిలిచి మాట్లాడాలంటే ఇంట్లో పెద్దల అనుమతి తీసుకోండి.

ఫారం కంటే ముందు ఏడెనిమిది మందితో, ఒక్కొక్కరితో 20 నిమిషాలు విడివిడిగా మాట్లాడండి. ఇందులో మీ స్నేహితులు ఒకరిద్దరికి మించకూడదు. వేరే డిపార్ట్‌మెంటువాళ్ళు, వాద్యం వాయించేవాళ్ళు, పాటలంటే పెద్దగా పట్టనివాళ్ళు కూడా ఉండాలి. ఫోన్‌లో ఇటీవల విన్న పాటల జాబితా తెరిచి, ఒక్కో పాట ఎలా తగిలింది, ఎవరు పంపారు, ఎన్నిసార్లు విన్నారు, పాడినవాళ్ళ పేరు తెలుసా అని అడగండి. ఈ చివరి ప్రశ్నతో చాలా తేలుతుంది. పాట కంఠతా వచ్చినా పాడింది ఎవరో తెలియని పాఠకులైతే, కవర్ మీద గాయని పేరు పెద్దక్షరాల్లో వేసినా పలకదు. పాట పేరే పెద్దగా వేసి, ఆమె పేరు కింద పెట్టాలి.

ఆ తర్వాత చీటీల పరీక్ష. ఇరవై చీటీల మీద ఇరవై శీర్షికలు రాయండి. ‘ఇంటర్వ్యూ’, ‘రివ్యూ’ లాంటి విభాగాల పేర్లు పనికిరావు, నిజంగా అచ్చేస్తే ఎలా ఉంటుందో అలాంటి శీర్షికలు కావాలి: ‘మైకు లేని గదిలో పాట రికార్డు చేయడం ఎలా’, ‘తబలా చర్మం ఎందుకు సడలుతుంది’, ‘కాలేజీ బ్యాండు విడిపోవడానికి కారణాలు’ ఇలా. ముందుగా చదివే మూడు, ఎప్పటికీ చదవని మూడు తీయమనండి. ముందు చదువుతామన్నదానికి +1, చదవనన్నదానికి –1 వేసి కూడండి. మొత్తంలో ఎక్కువ మార్కులు వచ్చినవాటితో పాటు, కొందరు ఎగబడి కొందరు పక్కన పడేసిన శీర్షికలు కూడా గమనించండి. అందరూ ఫర్వాలేదన్న వ్యాసం కోసం పత్రిక చేతిలోకి తీసుకునేవాళ్ళుండరు. పదిమంది ఎగబడే వ్యాసం ఆ పదిమంది చేతా పత్రిక పట్టిస్తుంది.

జవాబులు సొంత మాటల్లో వచ్చినప్పుడు ఇద్దరు వేర్వేరుగా చదివి, ఒక్కో జవాబుకు ఒకట్రెండు గుర్తులు పెట్టండి: ‘సినిమా పాట’, ‘స్నేహితులు పంపారు’, ‘వాయించడం నేర్చుకుంటోంది’. తర్వాత ఇద్దరి గుర్తులూ పోల్చండి. తేడా వచ్చిన చోట మాట్లాడుకుంటే, మీరు చూడదలచుకున్నదే చూస్తున్నారా అన్నది బయటపడుతుంది. మొత్తం సగటు చూడటంతో ఆగకుండా గుంపులుగా విడదీసి చూడండి. వాయించేవాళ్ళు ఏమన్నారు, వినేవాళ్ళు ఏమన్నారు? కానీ ఒక గుంపులో 25 మందే ఉంటే ఒక్క మనిషి మారితే శాతం 4 మారుతుంది. అలాంటి చోట శాతాలు రాయకుండా ‘25 మందిలో 14 మంది’ అనే రాయండి.

ఇదంతా ఒకే పేరాలోకి కుదించాలి. ‘కీర్తన, 19, కాఫీ ఇష్టం, పిల్లి ఉంది’ లాంటి ఊహాపాత్రలు కట్టడం చాలామందికి సరదా. పిల్లి వల్ల పేజీ మీద ఏదీ మారదు. ఇలా రాసుకోండి: ‘మా పాఠకులు సినిమా పాటలు వింటారు, కొత్త పాట స్నేహితుల ద్వారా తెలుస్తుంది, గాయకుల పేర్లు పట్టించుకోరు, సొంతంగా పాడి రికార్డు చేయాలని కొందరికి ఉంది, ఒక్కసారి కూర్చుంటే పది నిమిషాలు చదువుతారు.’ మీకు వచ్చే పేరా వేరేగా ఉండొచ్చు. అందులోని ప్రతి ముక్కా ఒక డిజైన్ నిర్ణయానికి దారి తీయాలి. మీ గొడవలకు మందు ఇదే: ఎవరైనా ‘నాకు నచ్చలేదు’ అన్నప్పుడు ‘పేరాలో ఏ ముక్కకు విరుద్ధంగా ఉంది’ అని అడగాలి. మార్కులకు సమర్పించే పని అయితే ‘ఈ జవాబు, ఈ నిర్ణయం’ అని రెండు వరసల్లో ఒక నోట్సు నడపండి. పరీక్షకుల దృష్టి ముందు దాని మీదే పడుతుంది.

పాఠకులను తెలుసుకోవడంలో ఇప్పటికే ఉన్న పత్రికలను విప్పి చూడటం కూడా భాగమే. మూడు సంగీత పత్రికలు తీసుకుని స్కేలు పెట్టి కొలవండి: అంచులు ఎన్ని మిల్లీమీటర్లు, ఎన్ని కాలమ్‌లు, అతి చిన్న వ్యాసం ఎన్ని మాటలు, కవర్ మీద ఎన్ని శీర్షికలు. తర్వాత ఎవరి కోసం అలా చేశారో ఊహించండి. బ్రిటన్‌లో 1978లో మొదలైన ‘స్మాష్ హిట్స్’ హిట్ పాటల సాహిత్యం అచ్చేసేది. పాట వింటూ తామూ గొంతు కలిపే చిన్నవయసు పాఠకులకు అది చాలు. 1981లో వచ్చిన ‘కెరాంగ్!’ పేరు ఎలక్ట్రిక్ గిటార్ తీగల మోతకు అనుకరణ. పేరు వినగానే అది హోరెత్తే రాక్ సంగీతమని తెలిసిపోతుంది. 1976లో లండన్‌లో పంక్ అనే మోటు రాక్ సంగీతం అభిమానులు తెచ్చిన ‘స్నిఫిన్ గ్లూ’ను చేతిరాత, టైపురాతలతో నింపి ఫొటోకాపీ తీశారు. ఆ పచ్చిదనం ఆ సంగీతానికి సరిపోయింది. డబ్బు తక్కువని దిగులుపడే విద్యార్థులు చూడాల్సిన నమూనా అదే.

పేజీల లెక్కకు వద్దాం. మధ్యలో పిన్ను కొట్టే పత్రికకు పేజీలు 4 గుణిజంలోనే రావాలి. మీ 16 సరిపోతుంది. ఒక పెద్ద కాగితం మడిస్తే నాలుగు పేజీలు. అంటే మొదటి కాగితం మీద 1, 2, 15, 16 పేజీలు, రెండోదాని మీద 3, 4, 13, 14, మూడోదాని మీద 5, 6, 11, 12, లోపలిదాని మీద 7, 8, 9, 10 పడతాయి. ఇది బొమ్మ వేసి గోడకు అంటించుకోండి. డబ్బు చాలకపోతే పై కాగితం, లోపలి కాగితం మాత్రమే రంగుల్లో అచ్చేసి మిగతా ఎనిమిది పేజీలు నలుపు-తెలుపులో పెట్టొచ్చు. రంగు ఫొటోలన్నీ ఆ ఎనిమిది పేజీల్లోకే సర్దాలి. 8–9 పేజీలు ఒకే కాగితం మీద పక్కపక్కనే వస్తాయి కాబట్టి రెండు పేజీల మీదుగా పరిచే ఫొటో అక్కడే పెట్టండి. 4–5 మీద పెడితే ఆ రెండూ వేర్వేరు కాగితాలు. మడత దగ్గర ఫొటో ఒకటి రెండు మిల్లీమీటర్లు జారుతుంది, రంగు కూడా కాస్త తేడాగా వస్తుంది. మధ్యపేజీల్లోనూ మనిషి ముఖం పిన్ను మీద పడకుండా చూసుకోండి.

పేజీల్లో ఏం వేయాలో మీ చీటీల పరీక్షే చెబుతుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి: వార్తలు వద్దు. కాలేజీ పత్రిక అచ్చయ్యేలోపు ఏ సంగీత వార్తయినా పాతబడుతుంది. ఆ పేజీలు మీ పాఠకులకు మరోచోట దొరకనివాటికి ఇవ్వండి. కాలేజీలో ఎవరు ఏం వాయిస్తారు, సాధనకు గది ఎలా దొరుకుతుంది, పాటకు బాణీ కట్టడంలో దశలేమిటి, ఇలాంటివి. పాటల సాహిత్యం మొత్తంగా అచ్చేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. అది 8 వారాల్లో రాదనే అనుకోండి. మీ కాలేజీలో సొంత పాటలు రాసేవాళ్ళుంటే వాళ్ళవి, వాళ్ళ సంతకంతో వేయండి. నెట్‌లో దొరికిన ఫొటోలకూ ఇదే వర్తిస్తుంది. ‘గూగుల్ నుంచి’ అని కింద రాస్తే అనుమతి అయిపోదు.

పత్రిక పేరు చిన్నదిగా ఉండాలి, రెండు నుంచి నాలుగు అక్షరాలు. తెలుగులో ఇంకో లెక్క ఉంది. పేరులో కింద వత్తు ఉంటే ఆ వత్తుకూ చోటు వదలాలి కాబట్టి, అదే పట్టీలో అసలు అక్షరాలు చిన్నవైపోతాయి. వత్తు లేని పేరైతే పేజీ వెడల్పంతా పరచుకుని దిట్టంగా నిలబడుతుంది. పెద్ద పత్రికల కవర్ మీద కళాకారుల తల పత్రిక పేరుకు అడ్డం రావడం చూసి అలాగే చేద్దామనుకుంటారు. ఏళ్ళ తరబడి చూసిన పేరు సగం కనబడినా పాఠకులు పోల్చుకుంటారు. మొదటి సంచికకు ఆ వెసులుబాటు లేదు. తల వెనక ఒక అక్షరం పోతే పేరే మారిపోతుంది.

కవర్ ఫొటో తీసేటప్పుడే నిలువుగా పట్టి, తల పైన మూడో వంతు, ఒక పక్కన కొంత ఖాళీ వదిలి తీయండి. తర్వాత ఆ ఖాళీ పుట్టించలేరు. ఒకే ముఖం, కళ్ళు పాఠకులవైపు, వెనక హడావుడి లేని గోడ. పక్క శీర్షికలు నాలుగైదు చాలు, వాటిలో ఒకటి మిగతావాటికి రెండింతలైనా పెద్దది. మూడు నమూనాలు చేసి చూపించండి. మూడింటిలో ఒక్క అంశం మాత్రమే మారాలి. ఫొటో, రంగు, పేరు అన్నీ మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కొక్కరికి ఒక్క నమూనానే ఐదు సెకన్లు చూపి తిప్పేసి, మూడు అడగండి: ఇది ఏ సంగీతం గురించి? ఎవరి కోసం? ఏ శీర్షిక గుర్తుంది? ‘బాగుందా’ అని అడిగితే మళ్ళీ మీ మొదటి ఫారం దగ్గరికే వస్తారు. పదిహేను మందికి చూపిస్తే చాలు. అందులో పదిమంది భక్తి సంగీత పత్రిక అనుకున్నారంటే ఫాంటో, రంగో దారి తప్పించినట్టే. కవర్‌ను ఫోన్‌లో బొటనవేలంత చేసి కూడా చూడండి. చాలామంది దాన్ని ముందు చూసేది స్టేటస్‌లోనే.

ఇప్పుడు అక్షరాలు. విద్యార్థి పత్రికలు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఇంగ్లిష్ పత్రికల లేఅవుట్ నమూనా తెచ్చి తెలుగు పోస్తారు, అది పొసగదు. ఏ4 పేజీకి లోపలి అంచు 20, బయటి అంచు 15 మి.మీ. వదిలితే అచ్చు వెడల్పు 175 మి.మీ. దీన్ని మూడు కాలమ్‌లు చేస్తే ఒక్కోటి 55 మి.మీ. వస్తుంది. 11.5 పాయింట్ల తెలుగులో అక్కడ వరసకు నాలుగు మాటలు పట్టడం కష్టం. మన మాటలు విభక్తులతో, సంధులతో పొడుగు. ‘కార్యక్రమాలన్నింటిలోనూ’ అన్న మాట ఒక్కటే దాదాపు వరసంతా తీసుకుంటుంది. రెండు వైపులా సమంగా సర్దితే మాటల మధ్య కన్నాలు పడతాయి. కాబట్టి వ్యాసాలకు రెండు కాలమ్‌లు, మధ్య 6 మి.మీ. ఖాళీ. ఒక్కో కాలమ్ 84.5 మి.మీ., వరసకు సుమారు ఆరు మాటలు. మూడు కాలమ్‌లు రివ్యూలు, చిట్కాల లాంటి పొట్టి సరుకుకు, అదీ ఎడమకు మాత్రమే సర్ది వాడండి.

వరసల మధ్య దూరం కూడా అంతే. ఇంగ్లిష్‌లో 10 పాయింట్ల అక్షరానికి 12 చాలు. తెలుగులో పై వరస వత్తులు, కింది వరస గుడులు కొట్టుకుంటాయి. 11.5 పాయింట్లకు 16 ఇవ్వండి. మీ ఫాంటులో ‘స్త్రీ’, ‘రాష్ట్రీయ’ లాంటి మాటలు రెండు వరసల్లో ఒకదాని కింద ఒకటి వేసి చూస్తే తేలిపోతుంది. ఈ కొలతలతో నిండు పేజీకి 500 పైచిలుకు మాటలు పట్టొచ్చు. ఫొటో, శీర్షిక పోగా 250–300 మిగులుతాయి. రాసేవాళ్ళకు ‘రెండు పేజీలు రాయి’ అనకుండా మాటల లెక్క ఇవ్వండి. లేకపోతే 1,200 మాటలు వచ్చి పడతాయి, ఆఖరి రాత్రి ఫాంటు 9కి దించుతారు.

తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. ఏటవాలు అక్షరం మనది కాదు. ముఖ్యమైనదాన్ని పరిమాణంతో, మందంతో, రంగుతో చూపించాలి. ఒకే మందం ఉన్న ఫాంటుకు సాఫ్ట్‌వేర్‌లో ‘బి’ బటన్ నొక్కితే అది అక్షరం చుట్టూ పూత పూస్తుంది, లోపలి సున్నాలు పూడిపోతాయి. నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగుల్లో అసలైన మందాలు అనేకం ఉన్నాయి. శీర్షికలకు రామభద్ర లాంటి దిట్టమైనది, వ్యాసానికి మండలి లాంటిది నప్పుతాయి. ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి, అచ్చు పత్రికలో వాడుకోవచ్చు. మొత్తం పత్రికకు రెండు ఫాంటులు, పత్రిక పేరుకు కావాలంటే మూడోది. అంతే. అక్షరాల మధ్య దూరం పెంచే సదుపాయం తెలుగు మీద వాడకండి, మాట విడిపోయి కనిపిస్తుంది.

పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వత్తులు విడివిడిగా పడుతుంటే ఫాంటును తిట్టకండి. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఉచితంగా కావాలంటే స్క్రైబస్ 1.6 తెలుగును సరిగా కూరుస్తుంది, పాత 1.4 కూర్చదు. ఎవరైనా యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంటుల్లో టైపు చేసి ఇస్తే యూనికోడ్‌లోకి మార్చాక వత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు ఒక్కొక్కటీ చూడాలి.

1990ల్లో అమెరికాలో ‘రే గన్’ అనే సంగీత పత్రికకు డిజైన్ చేసిన డేవిడ్ కార్సన్, ఒక ఇంటర్వ్యూ విసుగ్గా ఉందని దాన్నంతా బొమ్మ గుర్తుల ఫాంటులో పరిచేశాడు. డిజైన్ తరగతుల్లో ఈ కథ తప్పక వస్తుంది, ప్రతి జట్టులోనూ ఒకరు దాన్ని పట్టుకుంటారు. ఆ పత్రిక పాఠకులు ఆ అల్లరి కోసమే కొనేవాళ్ళు. మీ పేరాలో అలాంటి ముక్క ఏదైనా ఉందేమో చూసుకుని అప్పుడు ప్రయత్నించండి.

రంగుల్లో మీరు తేల్చాల్సింది మూడే: నలుపు, ఒక ముఖ్య రంగు, ఒక తోడు రంగు. తెర మీద మెరిసే నియాన్ పచ్చ, నీలం నాలుగు రంగుల అచ్చులో చప్పబడతాయి. సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు సిరాల పాళ్ళు) విలువలతోనే ఎంచుకుని, ప్రెస్ వాళ్ళ దగ్గర అదే కాగితం మీద ఒక్క పేజీ తీయించి చూడండి. వ్యాసం అక్షరాలు నూటికి నూరు పాళ్ళు నల్ల సిరా ఒక్కదానితోనే పడాలి. నాలుగు సిరాలు కలిపిన నలుపైతే అచ్చు పలకలు వెంట్రుకవాసి జరిగినా అక్షరాల చుట్టూ రంగుల అంచు వస్తుంది. నల్లటి నేపథ్యం మీద తెల్ల అక్షరాలు సంగీత పత్రికలకు ప్రాణం లాంటివని అనుకుంటారు. సిరా పాకి తెలుగు తలకట్లను తినేస్తుంది, 12 పాయింట్లకు తక్కువ, సన్నని ఫాంటులో అలా వేయకండి.

ఫొటోలు 300 పీపీఐ, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ళు ఉండాలంటారు. లెక్క ఇది: ఏ4 పేజీ నిండా, చుట్టూ 3 మి.మీ. కోత అంచుతో, 2551 × 3579 పిక్సెళ్ళు కావాలి. 12 మెగాపిక్సెళ్ళ ఫోన్ ఫొటో 3000 × 4000 కాబట్టి సరిపోతుంది, కత్తిరించకపోతే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపమనండి. కచేరీ ఫొటోల్లో మైకు నోటికి అడ్డం వస్తుంది, ఎదురుగా కాకుండా పక్కకు జరిగి తీయండి. ముఖం మీద ఎర్ర లైటు ఒక్కటే పడినప్పుడు వివరాలు పోయి ముద్దలా వస్తుంది. అలాంటివి నలుపు-తెలుపు పేజీలకు కేటాయించండి.

8 వారాల్లో మొదటి వారం నిర్ణయాల కాగితం, విడివిడి సంభాషణలు. రెండో వారం చిన్న ఫారం, చీటీలు. అదే వారంలో ఫొటోలకు, ఇంటర్వ్యూలకు తేదీలు అడిగేయండి, కళాకారులు దొరకడమే అన్నిటికన్నా ఆలస్యమయ్యే పని. మూడో వారం పేజీల పట్టిక, ఫాంటులు, కవర్ నమూనాలు. నాలుగు, ఐదు రాయడం, ఫొటోలు. ఆరు లేఅవుట్. ఏడో వారం ఒక కాపీ నిజమైన కాగితం మీద తీసి, మడిచి, పిన్ను కొట్టి, జట్టులో లేనివాళ్ళ చేత చదివించండి. తెర మీద కనబడని అచ్చుతప్పులు అక్కడ కనబడతాయి. ముఖ్యంగా శీర్షికల్లో, పేర్లలో. ఎనిమిదో వారం ప్రెస్.

పంచాక మళ్ళీ ఫారం పంపకండి. కాపీలు పెట్టిన ఒక్కో చోటా రోజూ ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి రాసుకోండి. రెండు వారాల తర్వాత పదిమందిని ‘ఏ పేజీ ఎవరికి చూపించావు?’ అని అడగండి. ఎవరికీ చూపించని పేజీలు రెండో సంచిక పట్టిక వేసేటప్పుడు ముందు తీసేయాల్సినవి.